టెంపో మామ ట్రాలీ, నా మడత కుంపటి

ఆ రోజుల్లో మనుషుల ముఖాల్లో సగమే కనిపించేది. ముక్కూ నోరూ గుడ్డ కింద ఉండిపోవడంతో ఎదుటివాళ్లు నవ్వుతున్నారో విసుక్కుంటున్నారో కళ్లను బట్టే తేల్చుకోవాల్సి వచ్చేది. లోకమంతా ఆ విద్య ఎంతో కొంత నేర్చుకుంది. నేను మాత్రం మొత్తం ముఖం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా ఏమీ తెలుసుకోలేని దశలో ఉన్నాను. పైగా నాకు అన్నీ తెలుసనే ధీమా ఒకటి. సూరత్‌లో పుట్టి, అక్కడే వడోద్ గల్లీల్లో పెరిగి, బాపుతో పాటు అదే కార్ఖానాలో మగ్గాల మీద నిలబడ్డవాణ్ణి. చిన్నప్పటి నుంచి మగ్గాల చప్పుడులోనే బతికిన మాకు, అవి ఆగిపోయిన ఆ నెలల్లో చెవులు దిబ్బడ వేసినట్టు ఉండేది. బాపు ఆ నిశ్శబ్దాన్ని నిద్రతో నింపుకున్నాడు. అమ్మ అప్పడాలతో నింపుకుంది. నేను ఫోన్‌తో నింపుకున్నాను.

ఆ ఫోన్‌లో ఒక తెల్లాయన ఉండేవాడు. కారు వెనక చిన్న ట్రైలర్ బండి తగిలించుకుని అడవుల్లోకి, చెరువుల పక్కకి పోయేవాడు. అక్కడ దిగి ఒక సూట్‌కేసు తెరిచేవాడు. అది సూట్‌కేసు కాదు, కుంపటి. నాలుగు కాళ్లు బయటికి లాగి, లోపల బొగ్గులు పోసి, పైన ఇనప జాలీ పరిచి, దాని మీద మక్క కంకులూ మాంసం ముక్కలూ కాల్చేవాడు. అతని భార్య మడత కుర్చీలో కూర్చుని నవ్వుతూ ఉండేది. అతను మాట్లాడేది నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఏ బొగ్గు మంచిది, జాలీకి నూనె ఎప్పుడు రాయాలి, మూత ఎప్పుడు వేయాలి అన్నీ వచ్చేశాయనే అనుకున్నాను. (ఈత గురించి కూడా అలాగే చాలా చూశాను. తాపీ నదిలోకి దిగే అవకాశం రాలేదు కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.)

మా గల్లీలో ట్రైలర్ ఉన్నది ఒక్క టెంపో మామకే. చుట్టం కాదు, జగిత్యాల దగ్గరి వాళ్లూరూ మా బాపు పుట్టిన ఊరూ పక్కపక్కనే, అందుకని మామ. మగ్గాలకు ఎక్కించే నూలు బీములు టెంపోలో పట్టవని వెనక తగిలించుకోవడానికి వెల్డింగ్ దుకాణంలో దగ్గరుండి ఒక ట్రాలీ చేయించుకున్నాడు. మామకూ అత్తకూ ఒక్కతే కూతురు. ఇంట్లో కూర్చుని చీరలకు లేసు పట్టీలు కుట్టేది కాబట్టి గల్లీ అంతా ఆమెను లేసు అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను ఏమనీ పిలిచేది కాదు. ఆమె నాన్న నాకు మామ అయ్యాక నన్ను అన్నా అనడానికి లేదు, ఇంకో మాట అంటే గల్లీ అంతా వింటుంది. అందుకని ‘ఇగో’ అనేది. ‘ఇగో, మీ అమ్మ పిలుస్తుంది.’ ‘ఇగో, జర ఈ మూట పట్టు.’ చాలా ఏళ్లు నేను ఆమెకు ‘ఇగో’గానే ఉన్నాను. అందులో ఆలోచించాల్సింది ఏదో ఉందని నాకెప్పుడూ తోచలేదు.

లాక్‌డౌన్ ఎత్తేశాక కార్ఖానాలు మెల్లగా తెరుచుకున్నాయి కానీ మామ బండికి మునుపటి కిరాయిలు రాలేదు. దీపావళి అయ్యాక ఒక సాయంత్రం మా గడపలో కూర్చుని, ఇంక సొంతూరికే పోతున్నామని చెప్పాడు. గది ఖాళీ చేసి, సామానంతా ట్రాలీలో వేసుకుని, టెంపోలోనే ప్రయాణం. అక్కడ కూరగాయలు మార్కెట్‌కు తోలుకుని బతుకుతాడట. “ఒక్కణ్ణి అంత దూరం తోలలేను. నీకు లైసెన్స్ ఉంది కద, జర తోడొస్తవా? దించినంక బస్సుల వాపస్ వచ్చెయ్” అన్నాడు నాతో. బాపు అమ్మ వైపు చూశాడు, అమ్మ మామ వైపు చూసింది, మామ నేల చూశాడు. ఆ చూపులన్నీ నా తల మీదుగా పోయాయి. నా బుర్రలో అప్పటికే ఒకటే మాట తిరుగుతోంది: ట్రైలర్, దారి పొడుగునా మకాములు, సూట్‌కేసు కుంపటి.

మర్నాడే స్టేషన్ దగ్గర ఇనుప సామాన్ల దుకాణానికి పోయాను. దుకాణంలో ముసలి సేఠ్ ముక్కు కిందికి మాస్కు జార్చుకుని కూర్చుని ఉన్నాడు. ముందు నాకు ఒక పొట్టి సగ్డీ, అక్కడి బొగ్గుల కుంపటి, చూపించాడు. పోత ఇనుముది, నల్లగా, లావు కాళ్లతో, ముంగిట్లో కూర్చున్న మేనత్తలా ఉంది. దాన్ని ఎత్తి చూశాను, నడుం పట్టేసింది. ఇది కాదు, మడిచేది కావాలన్నాను. గ్యాస్‌తో వెలిగేది ఒకటి తీశాడు. గ్యాస్ అయితే తెల్లాయన ఒప్పుకోడు, రుచి రాదని అతని ముఖం చూసే గ్రహించాను. చివరికి పై అరలోంచి దించాడు దాన్ని. తళతళలాడే రేకు పెట్టె, పక్కన పట్టుకోవడానికి పిడి, లోపల మడత పెట్టిన కాళ్లు, వాటి సన్నదనం చూస్తే కొంగ కాళ్లు గుర్తొస్తాయి. నా కళ్లు మెరవడం చూసి సేఠే నిజం చెప్పేశాడు. “భాయ్, యే దిఖానే కా హై. కామ్ కా వో హై” అని నల్లటి మేనత్త వైపు చెయ్యి చూపించాడు. చూడ్డానికి ఇదీ, పనికి అదీ అని వ్యాపారస్తుడే చెబుతున్నాడు. మంచి సరుకు దాచుకోవడానికి అలా అంటున్నాడనుకుని పెట్టె పట్టుకుని వచ్చేశాను.

అమ్మ దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. “గిన్నె యాడ నిలవడతది రా దీని మీద?”

“గిన్నె కాదమ్మా. దీని మీదనే కాలుస్తరు.”

“అన్నం కాలుస్తరా?”

బాపు దుప్పటి కిందనుంచే నవ్వాడు. అమ్మ ఇంకేదో అనబోయి ఆపుకుంది. “మంచి అంగీలు పెట్టుకో. మామ వాళ్ల ముందర ఒళ్లు దగ్గర పెట్టుకొని ఉండు” అని మాత్రం చెప్పింది. సామాన్లు మోయడానికి మంచి అంగీలెందుకని నేను పాతవే పెట్టుకున్నాను.

తెల్లారాక బయల్దేరాం. మామా నేనూ ముందు, అత్తా లేసూ వెనక పరుపుల మధ్య, వాళ్ల వెనక ట్రాలీలో బీరువా, కుట్టు మిషన్, గోనె సంచులు, అన్నిటి పైన నా పెట్టె. సోన్‌గఢ్ దాటాక రోడ్డు పక్క పొలాల దగ్గర లేత జొన్న కంకులు అమ్ముతున్నారు. సూరత్‌లో చలికాలం వస్తే ఆ పచ్చి గింజల్ని కాల్చి పోంక్ అని తింటారు. లేసు వెనకనుంచి కిటికీ మీద కొట్టింది. “జర ఆపుండ్రి. మా నాయనమ్మ వీటినే ఊచబియ్యం అనేది” అంది. బండి ఆపి కంకులు కొన్నాం. తుమ్మచెట్ల పక్కన ఖాళీ జాగాలో నా కుంపటికి మొదటి ముహూర్తం.

కాళ్లు లాగాను, బొగ్గులు పోశాను, అగ్గిపుల్ల గీశాను. తెల్లాయన చేతిలో బొగ్గులు వాటంతట అవే ఎర్రబడేవి. నావి నల్లగా ఉండి నన్నే చూస్తున్నాయి. ఊదాను. కింద పడుకుని ఊదాను. ముఖం జాలీకి ఆనించి ఊదాను. లేసు ఒక అట్టముక్క తెచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టింది. పొగ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. నా కళ్లు చింతనిప్పులయ్యాయి, దగ్గుతో ప్రాణం పోయింది. ఎట్టకేలకు ఒక మూల కొంచెం ఎర్రబడగానే జొన్న కంకులు పెట్టి తిప్పాను. కాలిన గింజలన్నీ రాలి జాలీ సందుల్లోంచి బూడిదలో పడ్డాయి. నా చేతిలో వట్టి కంకి కాడలు మిగిలాయి. ఇంతలో అత్త మూడు రాళ్లు పెట్టి, నాలుగు పుల్లలు ఏరి, అన్నమూ పప్పుచారూ దించేసింది. “రా బిడ్డా, తిను. అదేందో తర్వాత చేద్దువు” అంది. తినడం అయ్యేదాకా మామ నన్నే చూస్తూ ఉన్నాడు.

అక్కణ్నుంచి రాష్ట్రం సరిహద్దు ఎంతో దూరం లేదు. ఆ నెలల్లో అక్కడి నాకాలో, అదే చెక్‌పోస్టులో, బళ్లు ఆపి, ఒక్కొక్కరి నుదుటికీ పిస్తోలు లాంటిది గురిపెట్టి వేడి చూసేవారు. మామకు చూశారు, పొమ్మన్నారు. అత్తకూ లేసుకూ చూశారు, పొమ్మన్నారు. నాకు చూసిన మనిషి రెండడుగులు వెనక్కి వేసి పైవాణ్ణి పిలిచాడు. నుదురు సలసల కాగుతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, అప్పుడే నాకు దగ్గు కూడా వచ్చింది. ఇంతకన్నా నిండైన రోగిని వాళ్లు ఆ పూట చూసి ఉండరు. “పొగ సార్, పొగ” అన్నాడు మామ, హిందీలో ధువాఁ అన్న మాట ఆ కంగారులో దొరక్క. నేను హిందీలో చెప్పబోతే మళ్లీ దగ్గే వచ్చింది. “సబ్ యహీ బోల్‌తే హైఁ” అని, అందరూ చెప్పేది ఇదేనని కొట్టిపారేసి, నన్ను దూరంగా ఒక టార్పాలిన్ నీడలో ఒక్కణ్ణే కూర్చోబెట్టారు. అంబులెన్సు మాట వినిపించింది. అప్పుడు నాకు నిజంగానే భయం వేసింది. అంతకుముందు వేసవిలో మా గల్లీ నుంచి అలా తీసుకెళ్లినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. కుంపటి, తెల్లాయన, అన్నీ మరిచిపోయి అమ్మ గుర్తొచ్చింది.

మామ చేతులు జోడించి బతిమాలుతున్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. లేసు మాత్రం ఎవరికీ చెప్పకుండా ట్రాలీ ఎక్కి, నా పెట్టె దించి, తీసుకెళ్లి ఆ పైఅధికారి బల్ల ముందు పెట్టి తెరిచింది. ఇంకా వెచ్చగా ఉన్న బూడిద గుప్పున లేచింది. ఆయన కాసేపు తుమ్మి, దగ్గి, కళ్లు తుడుచుకున్నాడు. “అబ్ ఆప్ కా భీ టెంపరేచర్ లీజియే సాహబ్” అంది లేసు నెమ్మదిగా, ఇక మీ వేడి కూడా చూసుకోండని. గుడ్డ మీదుగా ఆయన కళ్లు నవ్వాయి. (అది మాత్రం నాకు కూడా అర్థమైంది.) పెట్టెలోకి వంగి చూసి, “క్యా పకాయా ఇస్ పే?” అని, దాని మీద వండిందేమిటో అడిగాడు.

“కుఛ్ నహీఁ” అంది లేసు.

కాసేపు కూర్చోబెట్టి, నీళ్లతో ముఖం కడిగించి, మళ్లీ చూసి వదిలేశారు. బండి దగ్గరికి నడుస్తుంటే లేసు తన తడి చున్నీ నా చేతిలో పెట్టింది. “నుదుటి మీద వేస్కో. ముందర ఇంకో నాకా ఉంటదట” అంది. నేను వేసుకునేదాకా పక్కనే నిలబడింది. నేను ఆ చున్నీ వేసుకుని, పెట్టెకు సొట్ట పడిందా లేదా అని చూసుకున్నాను.

సొట్ట పడలేదు కానీ ఒక కాలు వంగింది. ఆ సంగతి మర్నాడు ధూలే దాటి చాలా దూరం పోయాక, పొద్దు గూకే వేళకు ఒక ధాబా వెనక పత్తి చేను పక్కన బండి ఆపినప్పుడు బయటపడింది. కుంపటి ఒక వైపు ఒరిగిపోతోంది. దాని కింద జాకీ పెట్టి నిలబెట్టాను. ఇంత అవమానం జరిగాక ఏదో ఒకటి కాల్చి తినిపించకపోతే ఆ కుటుంబానికి ముఖం చూపించలేనని నా పట్టుదల. ధాబా పెరట్లో నాలుగు వంకాయలు కోసుకొచ్చాను, ధాబావాణ్ణి అడిగే. ఈసారి అంటించడానికి ట్రాలీలోంచి కాస్త నూలు చిక్కు దొరికింది. మామ డబ్బా తీసుకుని, “నీళ్లు తెస్త” అని లేచి, “నువ్వు గూడ రా” అని అత్తను వెంటబెట్టుకుని పోయాడు. డబ్బా నిండా నీళ్లుండడం నేను చూశాను. చూసి, ముసలాయన మతిమరుపనుకున్నాను.

చేను మీంచి గాలి వస్తోంది. లేసు గాలికి అడ్డంగా తన వీపు పెట్టి కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. విసురుతూనే ఊరి గురించి చెప్పింది. వాళ్ల నాయనమ్మ ఇల్లు రోడ్డు మీదనే ఉందట, ముందరి అర్ర ఖాళీ చేస్తే ఆ గదిలో చీరల దుకాణం పెట్టొచ్చట, నాన్నకు వయసైతోంది కాబట్టి బండికి ఇంకొక మనిషి కావాలట. నేను ఊఁ కొడుతూ వంకాయలు తిప్పుతున్నాను. ఒక మూల బొగ్గు ఎర్రబడుతుంది, గాలి వస్తుంది, ఆరిపోతుంది. నా ప్రాణమంతా ఆ మూల మీదే ఉంది. ఆమె అట్ట విసరడం ఆపి, ఎప్పుడూ లేనంత మెల్లగా, “ఇగో, నువ్వు గూడ అక్కడనే ఉంటే మంచిగుండదా?” అంది.

“ఉండదు” అన్నాను నేను బొగ్గుల మీంచి కళ్లు ఎత్తకుండా. “ఎంత చేసినా ఉండదు ఇది.”

ఉండనిది నిప్పు. గాలికి నిలబడదని నా ఉద్దేశం. ఆమె అన్న మాటలో ‘ఉండదా’ అన్నదొక్కటే నా చెవిన పడింది. నిప్పు గురించి అడుగుతోందనుకున్నాను. “సరే” అంది ఆమె. కొంచెంసేపు అక్కడే కూర్చుంది. తర్వాత మళ్లీ విసరసాగింది, అంతకుముందు కంటే సాఫీగా. ఆ రాత్రి వంకాయలు పైన మాడి, లోపల పచ్చిగా ఉన్నాయి. అందరం తిన్నాం. బాగున్నాయని చెప్పింది లేసు ఒక్కతే.

ఊరు చేరాక సామాను దించి బీరువా లోపల పెట్టాం. అత్త దారికి సకినాలు కట్టిచ్చింది. మామ బస్టాండు దాకా వచ్చి నా భుజం మీద చెయ్యేసి, ఏదో అనబోయి, “మంచిగ పో బిడ్డా” అన్నాడు. ఆ కుంపటిని వాళ్లింట్లోనే వదిలేసి వచ్చాను. దాన్ని తీసుకుపొమ్మని ఎవరూ అనలేదు, ఉంచమనీ అనలేదు.

ఆ మరుసటి ఏడు రెండోసారి విరుచుకుపడిన రోగం కాస్త తగ్గాక, లేసు పెళ్లి కుదిరిందని ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసి అమ్మ నాకు అన్నం పెట్టింది. నాకెందుకో అది సహించలేదు. గల్లీలో ‘ఇగో’ అని పిలిచేవాళ్లు లేకపోయినప్పటి నుంచి నాకేదో వెలితిగా ఉండేది. మగ్గాల చప్పుడు సరిగ్గా లేదేమో అనుకునేవాణ్ణి. ఆ రోజు కంచం ముందు కూర్చుంటే అదేమిటో తెలిసింది.

“నిన్ను చూస్కుందామనే తీస్కపోయిండ్రు రా అప్పుడు” అంది అమ్మ.

“ఎవరు?”

“ఎవరేంది. మామోళ్లు. డ్రైవర్లు దొరకక నిన్ను అడిగిండనుకున్నవా?”

“మరి నాకు చెప్పద్దా?”

“చెప్పద్దన్నడు మామ. చెప్తే అల్లునోలె బిగుసుకొని కూసుంటడు, ఎట్లుంటడో అట్లనే చూద్దామన్నడు.”

నేను ఎట్లుంటానో అట్లా చూశారన్నమాట. పడుకుని ఊదుతూ, దగ్గుతూ, పెట్టెకు సొట్టలు వెతుక్కుంటూ. ఆడపిల్లను చూడ్డానికి పోతే కాఫీ, ఫలహారం, పౌడరు ఉంటాయి. నన్ను చూడ్డానికి వందల మైళ్లు బండి తోలించారు, నేను పాత అంగీలో పోయాను.

“చూసి ఏమన్నరు?” అని అడిగాను కాసేపటికి.

“మామకు నచ్చినవు. బండి మంచిగ తోల్తడన్నడు. పిల్లనే వద్దన్నది. ఆయనకు ఊర్ల ఉండుడు ఇష్టం లేదు, మొకం మీదనే చెప్పిండు అన్నదట.”

నేను చెప్పానా అని అడగబోయి ఆగిపోయాను. పత్తి చేను, గాలి, ఆగిపోయిన అట్టముక్క, ‘సరే’ అన్న మాట, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. లేచి బయటికి పోయి ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు తిరిగాను. ఏమని చెప్పాలి? నేనన్నది బొగ్గుల గురించి అనా? అటుపక్క పెళ్లి పత్రికలు పంచుతున్నారు. ఆమెకు నచ్చిన మనిషే కావచ్చు. ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికొచ్చాను.

కిందటి చలికాలం లేసు సూరత్ వచ్చింది. ఊళ్లో చీరల దుకాణం బాగా నడుస్తోందట, సరుకు కోసం భర్తతో వచ్చింది. మేమిప్పుడు సూరత్‌లోనే ఇంకో మూల, అమ్రోలిలో ఉంటున్నాం. అమ్మను చూడాలని వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. అతను నెమ్మదస్తుడు, మాట తక్కువ. అతన్ని ఇష్టపడకుండా ఉండాలని ప్రయత్నించి పావుగంటలో ఓడిపోయాను. మా ఆవిడ చాయ్ పెట్టింది. ఆ ప్రయాణం గురించి ఆమెకు నేనే చెప్పాను, నవ్వించడానికి, నుదుటికి పిస్తోలు పెట్టిన దాకా. అందుకని లేసును చూడగానే ఆ భాగం మళ్లీ చెప్పించుకుంది. లేసు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతూ చెప్పింది. అతను కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నా వైపు చూడకుండా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

వెళ్లేటప్పుడు అతను చీరల మూటలతో ముందు మెట్లు దిగి ఆటో కోసం పోయాడు. లేసు చెప్పులు వేసుకుంటూ గడపలో ఆగింది.

“ఒక మాట చెప్పాల్నని ఎప్పటినుంచో ఉంది” అంది. “అప్పుడు ఊర్ల ఉండనని నువ్వు సక్కగ చెప్పేసినవు. నాకు కోపం రాలే. జర బాధైంది గని, మంచిదే అనుకున్న. ఇంకొకడైతే నీళ్లు నమిలేటోడు, మా నాయన్ను నెలల కొద్దీ తిప్పేటోడు. సక్కగ చెప్పేటోళ్లు తక్కువ ఉంటరు.”

ఇన్నేళ్లకు ఆ మాట సరిదిద్దే అవకాశం నా ముందుకొచ్చి నిలబడింది. కింద ఆటో ఆగిన చప్పుడైంది. లోపల మా ఆవిడ చాయ్ కప్పులు కడుగుతోంది. లేసు ముఖం మొత్తం నా ఎదురుగా ఉంది, ఈసారి దాన్ని చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. ప్రశాంతంగా ఉంది.

“చెప్పాలె కద మరి” అన్నాను.

ఆమె తలూపి మెట్లు దిగింది. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. నేను జీవితంలో ఏనాడూ ఎవరికీ ఏదీ సూటిగా చెప్పినవాణ్ణి కాదు. మా ఆవిడను అడిగితే సాక్ష్యం చెబుతుంది. అయినా జగిత్యాల దగ్గర ఒక చీరల దుకాణంలో కూర్చునే మనిషి దృష్టిలో నేను మాట దాచుకోని వీరుణ్ణి. ఆ పత్తి చేను పక్కన కూర్చున్న కుర్రాడు తనకు తెలియకుండా నాకు సంపాదించి పెట్టిన పేరు అదొక్కటే. దానికి వాడు ఏం పోగొట్టుకున్నాడో తలుచుకుంటే వాడి మీద జాలి వేస్తుంది. కానీ వాడు అప్పుడు ఎంత శ్రద్ధగా, ఎంత సంతోషంగా ఉన్నాడో కూడా గుర్తొచ్చి, మెట్ల మీద ఒక్కణ్ణే నిలబడి నవ్వుకుంటూ ఉంటాను.